రాత్రి రెండింటికి నడిచే స్క్రిప్టు

బాబాయి కాకినాడలో ఒక సహకార బ్యాంకు కంప్యూటర్ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాడు. ఆయన అన్నగారి అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్వర్లు చూసుకుంటుంది. వైరస్ స్కాన్లు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లలాంటి రోజువారీ భద్రతా పనులన్నీ స్క్రిప్టులకు అప్పగించాలని ఆమె అంటుంది. కూడదని ఈయన అంటాడు. ఈ తగవు లేని ఆఫీసు ఉండదు. కాకపోతే ఎక్కడా నోరు విప్పి తేల్చుకోరు. ఒకచోట అప్‌డేట్ నెలల తరబడి వాయిదా పడుతుంది. ఇంకోచోట ఎవరో ఓ స్క్రిప్టు పెట్టి ఉద్యోగం మారిపోతారు, అదేం చేస్తోందో ఆ తర్వాత ఎవరికీ తెలియదు. రెండింటి వల్లా నష్టపోయేది ఆ కంప్యూటర్లలో తమ వివరాలున్న మామూలు మనుషులే. అందుకే ఈ ఇద్దరి మాటా చివరిదాకా వినాలి.

అమ్మాయి: బాబాయ్, మా దగ్గర లినక్స్ సర్వర్లే నలభై దాకా ఉన్నాయి. విండోస్ మెషీన్లు వేరే. ఒక్కోదాంట్లో లాగిన్ అయి, ఏం అప్‌డేట్లు వచ్చాయో చూసి, వేసి, రీస్టార్ట్ చేసి, సర్వీసులన్నీ మళ్ళీ లేచాయో లేదో చూసుకుంటూ పోతే, ఆఖరి సర్వర్ దగ్గరికి వచ్చేసరికి మొదటిదానికి కొత్త ప్యాచ్ వచ్చి కూర్చుంటుంది. డెబియన్, ఉబుంటుల్లో ఇందుకోసమే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అని ప్యాకేజీ ఉంది. సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే వేయమంటే అవే వేస్తుంది. దానికి తోడు రాత్రి రెండింటికి క్లామ్ఏవీ వైరస్ స్కాన్ దానంతటదే నడిచేలా క్రాన్ షెడ్యూలర్‌లో పెడతాను. ఏమన్నా దొరికితే మెయిల్ వస్తుంది. అయిపోయింది.

బాబాయి: ఇల్లలకగానే పండగ కాదమ్మా. ప్యాచ్ మెషీనే వేస్తుంది సరే. అది పడిందని నీకెవరు చెబుతారు? నేను ప్రతి శనివారం బ్రాంచి మూసేశాక ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చునేవాణ్ణి. ఆలస్యమయ్యేది, కాదనను. కానీ ఏ మెషీన్లో ఏముందో, ఏది రోజూ కంటే నెమ్మదిగా లేస్తోందో నాకు తెలిసేది. స్క్రిప్టు పెట్టిన మర్నాటి నుంచి ఆ ఎరుక పోతుంది.

అమ్మాయి: ఆ ఆలస్యం ఖరీదెంతో 2017లో వనాక్రై చూపించింది. విండోస్‌లో అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు! బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో, ఒక్క ఇంగ్లండ్‌లోనే 236 ట్రస్టుల్లో కనీసం 80కి దెబ్బ తగిలింది. వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ప్యాచ్ వేయమని వాళ్ళకి మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పైనుంచి హెచ్చరికలు కూడా వెళ్ళాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. వీళ్ళెవరూ ప్యాచ్ వద్దనుకున్నవాళ్ళు కాదు. ఈ శనివారం కాకపోతే వచ్చే శనివారం అనుకున్నవాళ్ళు. ఆసుపత్రికి శనివారం అంటూ ఉండదు బాబాయ్. ఎప్పుడడిగినా ఏదో ఒక వార్డు వాళ్ళు ‘ఇవాళొద్దు మేడం’ అంటారు.

బాబాయి: సరే, మరి 2024 జులై 19 మాటేమిటి? మన టైము ప్రకారం పొద్దున తొమ్మిదిన్నర దాటాక క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళు ఒక చిన్న ఫైలు పంపారు. గంటా పద్దెనిమిది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. ఈలోపే దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలిరంగు తెర వేసుకుని పడిపోయాయి. మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇదేమీ దొంగలు చేసింది కాదు. కాపలాకి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే, ఎవరినీ అడక్కుండా దానంతటది దింపుకున్న అప్‌డేట్‌తో చేసింది. పంపేముందు ఫైలు బాగుందో లేదో చూసే ప్రోగ్రాం కూడా వాళ్ళకుంది. ఆ ప్రోగ్రాంలోనే లోపముంది. బాగానే ఉందని పాస్ చేసి పంపేసింది.

అమ్మాయి: అందుకేగా విడతలుగా వేయమనేది. ముందు నాలుగు సర్వర్లకి, ఒకరోజు ఆగి మిగతావాటికి.

బాబాయి: విడతలుగా వేసుకునేవాళ్ళూ ఆ రోజు పడ్డారు తల్లీ. కొత్త వెర్షన్ వద్దు, ఒక మెట్టు వెనకదే చాలని సెట్టింగ్ పెట్టుకున్న సంస్థలున్నాయి. ఆ సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కే వర్తిస్తుంది. దాడుల్ని గుర్తుపట్టే సమాచారంతో రోజూ వచ్చే ఫైళ్ళకి వర్తించదు. అది వాళ్ళలో ఎందరికి తెలుసు? బాగుచెయ్యడానికి మాత్రం మళ్ళీ మనుషులే కావాల్సొచ్చారు. ఒక్కో మెషీన్‌నీ సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలు వెతికి డిలీట్ చేసి, మళ్ళీ రీస్టార్ట్ చెయ్యాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్ళకి రికవరీ కీ కూడా కావాలి. కొన్నిచోట్ల ఆ కీలు దాచిన సర్వరే పడిపోయి ఉంది.

అమ్మాయి: నిజమే. కానీ ఈ రెండు నష్టాలూ ఒకటి కావు. అప్‌డేట్ చెడితే సర్వర్ పడిపోతుంది. ఒకరోజు, రెండ్రోజులు నరకం. ఆ తర్వాత బ్యాకప్ ఉంది, వెనక్కి వెళ్తాం. అదే ప్యాచ్ వెయ్యక దొంగ లోపలికొస్తే రోగుల వివరాలు బయటికి పోతాయి, వాటిని వెనక్కి తేలేం. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న సైబర్ దాడితో సర్వర్లు పడిపోతే దాదాపు రెండు వారాలు అడ్మిషన్ల నుంచి రిపోర్టుల దాకా కాగితాల మీదే నడిపారు. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, ఆ రోజులు ఎలా గడుస్తాయో నేను ఊహించగలను. రక్తపరీక్ష రిపోర్టు కోసం ఒక మనిషి ల్యాబుకీ వార్డుకీ మధ్య పరుగెత్తడమే పనిగా పెట్టుకోవాలి.

బాబాయి: అప్‌డేటే దొంగదైతే? 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో నాట్‌పెట్యా వచ్చింది ఎలాగ? అక్కడ లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లోకి దూరి, అప్‌డేట్ రూపంలోనే అందరికీ పంపించారు. నమ్మకంగా అప్‌డేట్ వేసుకున్నవాళ్ళే ముందు మునిగారు.

అమ్మాయి: ఆ అప్‌డేట్‌ని శనివారం సాయంత్రం కూర్చుని చేత్తో వేసినా మునిగేవాళ్ళే కదా బాబాయ్! ‘ఇన్‌స్టాల్’ బటన్ మనిషి నొక్కినంత మాత్రాన ఫైలు లోపల ఏముందో మనిషికి కనిపించదు. మీరు శనివారాలు ఎన్ని ప్యాచ్‌లు వేసుంటారు? వాటిలో ఒక్కటైనా విప్పి చదివారా?

బాబాయి: లేదు. ఎవరూ చదవరు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ ఆయన వెనక్కి తగ్గడం న్యాయమేనని నా అభిప్రాయం కూడా. ప్యాచ్ వేసే చోట మనిషి చేసేది చాలాసార్లు ‘వై’ అని కొట్టి ఎంటర్ నొక్కడమే. దాన్ని జాగ్రత్త అనుకోవడం మన అలవాటు. జాగ్రత్త ఉండాల్సిన చోట్లు వేరు: ముందు ఏ సర్వర్లకి వెయ్యాలి, ఏ ప్యాకేజీని ఆపి ఉంచాలి, చెడితే ఎలా వెనక్కి రావాలి. ఇవి ఒకసారి కూర్చుని తేల్చుకుంటే మిగతాది స్క్రిప్టు మనకన్నా బాగా చేస్తుంది. అది విసుక్కోదు, ఏ సర్వర్‌నీ మరిచిపోదు. బాబాయి వాదనలో అసలు పదును దీని తర్వాత వచ్చింది.

బాబాయి: ప్యాచ్‌లు నీకు వదిలేస్తాను. స్కాన్ సంగతి మాట్లాడు. ప్రతి దొంగా లోపం వెతుక్కుని రాడు. 2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ సహకార బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకు పంపిన దొంగ మెయిళ్ళ ద్వారా లోపలికి దిగారని పోలీసులు తేల్చారు. సహకార బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఆ వార్త చదివి నేను రెండ్రోజులు మామూలుగా ఉండలేకపోయాను. అలాంటివాడు లోపలికొచ్చాక ఏదో ఒక ఫైలు పెడతాడు, ఏదో ఒక ప్రోగ్రాం నడుపుతాడు. దాన్ని కనిపెట్టాలంటే చూడాలి. ప్యాచ్ వెయ్యడం ఒక పని. వేస్తే అయిపోతుంది. స్కాన్ అలా కాదు. అది మెషీన్‌ని ఒక ప్రశ్న అడగడం. జవాబు వినే మనిషి లేకపోతే అడిగీ లాభం లేదు. ఏదీ, నీ స్క్రిప్టు చూపించు.

అమ్మాయి: ఇదిగో, పాతిక లైన్లే. ముందు ఫ్రెష్‌క్లామ్ నడిపి కొత్త వైరస్ జాబితా దింపుతుంది. తర్వాత క్లామ్‌స్కాన్. అది 1 అని తిరిగిస్తే వైరస్ దొరికినట్టు, మెయిల్ పంపుతుంది. లేకపోతే లాగ్‌లో ‘క్లీన్’ అని రాస్తుంది.

బాబాయి: ఏమీ దొరక్కపోతే ఏం తిరిగిస్తుంది?

అమ్మాయి: 0.

బాబాయి: స్కాన్ మధ్యలో ఏదో ఎర్రర్ వచ్చి ఆగిపోతే?

అమ్మాయి: 2.

బాబాయి: మరి 2 వస్తే నీ స్క్రిప్టు ఏం రాస్తుంది?

అమ్మాయి: ‘లేకపోతే’ కిందికి వెళ్తుంది. ‘క్లీన్’ అని రాస్తుంది. సరే, మార్చేస్తాను, ఒక్క లైను.

బాబాయి: ఆగు. ఆ క్లామ్‌స్కాన్ ప్రోగ్రాం ఎక్కడుంది?

అమ్మాయి: కొన్ని పాత సర్వర్లలో సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టారు. యూఎస్‌ఆర్ లోకల్ బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది.

బాబాయి: నువ్వు టెర్మినల్‌లో కొడితే నడుస్తుంది. నీ లాగిన్‌కి ఆ దారి తెలుసు. రాత్రి రెండింటికి క్రాన్ నడిపినప్పుడు దానికి తెలిసిన దారులు రెండే. అందులో లోకల్ బిన్ లేదు. ప్రోగ్రాం దొరకలేదని షెల్ 127 అని తిరిగిస్తుంది. 127 అంటే 1 కాదు కదా. మళ్ళీ ‘క్లీన్’. అంటే స్కాన్ ఒక్కసారి కూడా నడవకుండా ఏడాది పొడుగునా నీ లాగ్‌లో ‘క్లీన్’ అనే ఉంటుంది.

అమ్మాయి: అది నేను చూసుకోవాల్సిన మాటే. పూర్తి దారి రాస్తాను.

బాబాయి: ఈ చివర ఎర్రర్లన్నీ డెవ్ నల్‌లోకి పారబోశావు, ఎందుకు?

అమ్మాయి: అలా చెయ్యకపోతే స్క్రిప్టు ఏ చిన్న మాటన్నా క్రాన్ మెయిల్ పంపుతుంది బాబాయ్. నలభై సర్వర్లు, రోజుకి నలభై మెయిళ్ళు. ఎవరు చదువుతారు?

బాబాయి: వైరస్ జాబితా ఏడు రోజులకన్నా పాతదైతే క్లామ్ఏవీ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వెళ్ళేది ఎర్రర్ల దారిలోనే. ఫైర్‌వాల్‌లో ఎవరో ఏదో మార్చి ఫ్రెష్‌క్లామ్ దింపుకోవడం ఆగిపోయిందనుకో. స్కాన్ మాత్రం రోజూ శ్రద్ధగా నడుస్తుంది, నిరుటి జాబితాతో. చివర్లో ఇన్‌ఫెక్టెడ్ ఫైల్స్ సున్నా అంటుంది. ఇంకోటి. మీ సీటీ, ఎంఆర్ఐ ఫైళ్ళు ఎంతెంత ఉంటాయి?

అమ్మాయి: కొన్ని చాలా పెద్దవి. వందల ఎంబీ.

బాబాయి: ఒక హద్దు దాటిన ఫైలుని క్లామ్ఏవీ పూర్తిగా చూడదు. మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప, చూడలేదని కూడా చెప్పదు. చూసి బాగుందన్న ఫైలూ, చూడకుండా వదిలేసిన ఫైలూ రిపోర్టులో ఒకే సున్నాలో కలిసిపోతాయి. నా భయం ఇదే తల్లీ. స్కాన్ లేని ఆఫీసులో జనం కనీసం భయపడుతూ ఉంటారు. ఇలాంటి స్కాన్ ఉన్న ఆఫీసులో నిశ్చింతగా ఉంటారు.

అమ్మాయి: ఇవన్నీ స్క్రిప్టు సరిగ్గా రాయకపోవడం వల్ల వచ్చినవే కానీ, స్క్రిప్టు ఉండకూడదనడానికి కారణాలు కావు. పెద్ద సంస్థల్లో ఖరీదైన స్కానర్లుంటాయి, వాటిలో ఈ బాధ ఉండదు.

బాబాయి: అప్పుల చరిత్ర లెక్కలు దాచే ఈక్విఫ్యాక్స్ కన్నా పెద్ద సంస్థ కావాలా? అమెరికాలో దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. 2017 మార్చి మొదటి వారంలో, వాళ్ళ వెబ్‌సైటు వాడే అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడి ప్యాచ్ వచ్చింది. మార్చి 9న కంపెనీలో 400 మందికి పైగా మెయిల్ వెళ్ళింది, 48 గంటల్లో ప్యాచ్ వెయ్యమని. తిలాపాపం తలా పిడికెడు. ఆ మెయిల్ జాబితా పాతది, వెయ్యాల్సిన మనిషికే అందలేదు. మార్చి 15న స్కాన్ నడిపారు. నడిచింది. ఏమీ దొరకలేదంది. ఎందుకంటే అది పై ఫోల్డర్‌లో వెతికింది, స్ట్రట్స్ ఉన్నది లోపలి ఫోల్డర్‌లో. మే మధ్యలో దొంగలు అదే లోపంలోంచి దూరి జులై చివరిదాకా తోడుకున్నారు. ఎలా బయటపడిందో తెలుసా? బయటికెళ్ళే ట్రాఫిక్‌ని చూసే పరికరానికి సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. అప్పటి నుంచీ అది ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని విప్పి చూడలేకుండానే పోనిస్తోంది. జులై 29న కొత్త సర్టిఫికెట్ పెట్టగానే దొంగతనం కనిపించింది. స్కానర్ ఉంది, పరికరం ఉంది. రెండూ ఏమీ లేదన్నాయి. ఏమీ లేదన్నప్పుడు నిజంగా చూశావా అని అడిగినవాడు లేడు.

అమ్మాయి: ఇది వింటే నాకు ఇంకో సంగతి తోస్తోంది. స్క్రిప్టుని దొరికినప్పుడు అరవమని కాదు, ప్రతిరోజూ పలకమని చెప్పాలి. ఎన్ని ఫైళ్ళు చూసింది, ఎన్ని వదిలేసింది, జాబితా ఏ తేదీది, ఎంతసేపు పట్టింది. అన్నీ ఒక సర్వర్‌కి పంపాలి. ఆ సర్వర్ చేసే పని ఒక్కటే: పొద్దున ఆరు లోపు ఏ మెషీన్ నుంచి కబురు రాలేదో నాకు చెప్పడం. అప్పుడు నలభై మెయిళ్ళుండవు. పలకని మెషీన్ల పేర్లతో ఒక్క మెయిల్ ఉంటుంది.

బాబాయి: అదీ. మా వీధి గూర్ఖా రాత్రి ఈల వేస్తే ఎవరూ లేవరు. వెయ్యని రాత్రి మాత్రం మీ పిన్ని లేచి కిటికీలోంచి చూస్తుంది. కానీ ఆ ఒక్క మెయిల్ కూడా రాకపోతే?

అమ్మాయి: అందరూ పలికిన రోజు కూడా వస్తుంది, అందరూ పలికారని. రాకపోతే ఆ సర్వరే పోయిందని. దాన్ని పొద్దున డ్యూటీకి వచ్చినవాళ్ళు చూసి సంతకం పెట్టాలి. ఇంతకన్నా మనిషిని తగ్గించలేను.

బాబాయి: తగ్గించొద్దు. అక్కడ మనిషి ఉండాల్సిందే. ఇంకో మాట, ఆ స్క్రిప్టు ఫైలుని ఎవరెవరు మార్చగలరు?

అమ్మాయి: మా టీమ్ అంతా ఒకే గ్రూపు.

బాబాయి: రూట్ అధికారంతో నడిచే స్క్రిప్టుని టీమ్‌లో ఎవరైనా మార్చొచ్చంటే, టీమ్‌లో ఎవరి పాస్‌వర్డ్ దొంగిలించినా నీ నలభై సర్వర్లూ వాడివే. ఒక లైను కలిపితే చాలు, రాత్రి రెండింటికి నువ్వే నడిపించి పెడతావు. మెయిల్ పాస్‌వర్డ్ కూడా అందులోనే రాశావు, ఇదుగో, పదకొండో లైను.

అమ్మాయి: అది తీసేస్తాను. ఫైలు రూట్ మాత్రమే రాసేలా పెడతాను, మార్పులు గిట్‌లోంచే రావాలి, ఇంకొకరు చదివి సరేనంటేనే.

బాబాయి: ఇంకొకరు చదవడం దగ్గరే చూడు, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ గొడవ. లినక్స్‌లో అంతటా వాడే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో ఏళ్ళ తరబడి మంచివాడిగా పనిచేసి దొంగదారి పెట్టాడు. ఏ స్కానరూ పట్టుకోలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుకున్నాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్ళి! నేను శనివారాలు కూర్చునేది అలాంటి అర సెకన్ల కోసమే.

అమ్మాయి: ఆయన్ని తలుచుకుంటే నాకూ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ ఆయనకి ఆ అర సెకను వెంట పడే తీరిక ఎక్కడిది? రోజంతా చేత్తో ప్యాచ్‌లు వేస్తూ కూర్చున్నవాడికి ఆలస్యం కనిపించినా పట్టించుకోడు, ఇంకా ముప్ఫై సర్వర్లున్నాయని పక్కదానికి పోతాడు. నేను స్క్రిప్టు అడిగేది ఇంటికి త్వరగా పోవడానికి కాదు బాబాయ్. వింతగా ఉన్నదాన్ని చూడటానికి నాకు రోజుకో గంట మిగలాలి. ఇప్పుడు నాకా గంట లేదు.

బాబాయి చాలాసేపు ఆ పాతిక లైన్ల వంకే చూస్తూ ఊరుకున్నాడు. ఆమె చివర అన్న మాట ఈ మొత్తం తగవులో అన్నిటికన్నా బరువైనదని నేననుకుంటాను. స్క్రిప్టులు పెట్టే చాలా సంస్థలు మిగిలిన ఆ గంటని మనిషికి ఇవ్వవు. మనిషినే తగ్గిస్తాయి. అప్పుడు బాబాయి భయపడ్డదంతా నిజమవుతుంది.

బాబాయి: ఆ గంట నీకు ఇస్తారని రాయించుకో ముందు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం చదివావుగా. సంఘటన గమనించిన 6 గంటల్లోగా వాళ్ళకి చెప్పాలి, లాగ్స్ 180 రోజులు దాచాలి. గమనించిన 6 గంటలు. గమనించే మనిషే లేనిచోట ఆ ఆరు గంటలు ఎప్పటికీ మొదలవ్వవు. మీ పైవాళ్ళకి అలా చెబితే అర్థమవుతుంది.

అమ్మాయి: చెబుతాను. ప్యాచ్‌లు పడ్డాక రీస్టార్ట్ కూడా నేనే పెట్టుకోవాలి. లైబ్రరీ మారినా, నడుస్తున్న సర్వీసు పాతదాన్నే మెమరీలో పట్టుకుని ఉంటుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అప్పుడు చాలామంది ఓపెన్ఎస్ఎస్ఎల్ అప్‌డేట్ చేసి, వెబ్ సర్వర్ రీస్టార్ట్ చెయ్యడం మరిచిపోయారు. రీస్టార్ట్ టైము మాత్రం స్క్రిప్టుకి వదలను. ఐసీయూ వాళ్ళతో మాట్లాడి పెట్టుకుంటాను.

బాబాయి: మరి సీటీ స్కాన్ గదిలో ఉన్న కంప్యూటర్?

అమ్మాయి: అది పాత విండోస్. ప్యాచ్ వేస్తే మాకు సంబంధం లేదని మెషీన్ అమ్మినవాళ్ళు రాసిచ్చారు. స్కాన్ నడిపినా ఒప్పుకోరు. దాన్ని విడిగా ఒక వీల్యాన్‌లో పెట్టాను. ఇమేజిలు దాచే సర్వర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

బాబాయి: అలాంటివి ఎన్నున్నాయి?

అమ్మాయి: అల్ట్రాసౌండ్‌వి రెండు, ల్యాబులో ఎనలైజర్‌ది ఒకటి. ఇంకా ఉండొచ్చు.

బాబాయి: ఉండొచ్చు అంటే కుదరదు. నీ స్క్రిప్టు తనకి తెలిసిన మెషీన్ల గురించే పలుకుతుంది. తెలియనివాటి గురించి అడగదు. గది గదికీ వెళ్ళి, ఒక్కోదాని ఎదురుగా ఎవరి బాధ్యతో పేరు రాయి.

అమ్మాయి: నెట్‌వర్క్ స్కాన్ చేస్తే చాలావరకు దొరుకుతాయి. కానీ ఆపి ఉన్నవి దొరకవు, నిజమే. నడిచి వెళ్తాను. పేరు దగ్గరే చిక్కు. సీటీ కంప్యూటర్‌కి నా పేరు రాయను. నేను ముట్టుకోకూడని మెషీన్‌కి నేనెలా జవాబుదారీ అవుతాను? బయోమెడికల్ విభాగం వాళ్ళు రాసుకోవాలి.

బాబాయి: వాళ్ళూ ముట్టుకోకూడదుగా. కేబుల్ నీ స్విచ్‌లోనే ఉంది. నీ పేరే రాయి.

అమ్మాయి: రాయను బాబాయ్. సోమవారం ఇద్దరినీ కూర్చోబెట్టి, అమ్మినవాళ్ళని కూడా పిలిపిస్తాను. అంతవరకూ ఆ గడి ఖాళీగా ఉంటుంది. అది ఖాళీగా ఉన్నట్టు సూపరింటెండెంట్‌ గారికి ఇప్పుడే మెయిల్ పెడతాను.